కాల్వకు క్లోజరు ఉన్నట్టే బడికీ ఉండాలి

కృష్ణా డెల్టా రైతుకు ఒక సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. పైరు చేలో ఉండగా అతడు కాల్వ గట్టు తవ్వనివ్వడు. లాకు తలుపు పాడైనా, తూము కుంగినా, గట్టు జారినా అప్పటికి ఇసుక బస్తాలు వేసి నెట్టుకొస్తారు. అసలు మరమ్మతు వేసవిలో కాల్వలు కట్టేసిన తరువాతనే. బందరు కాల్వ అయినా, ఏలూరు కాల్వ అయినా, రైవస్ కాల్వ అయినా ఇదే పద్ధతి. ఆ రోజులకే మన వాడుకలో క్లోజరు అని పేరు. క్లోజరు పనులు ఆలస్యమైతే రైతులు ధర్నా చేస్తారు. నీరు వదిలే వేళకు కాంక్రీటు ఆరలేదంటే ఇంజనీర్లను నిలదీస్తారు. పంట ఎప్పుడు, పని ఎప్పుడు అనే లెక్క ఈ జిల్లాల్లో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు.

అదే గ్రామంలో బడి మరమ్మతు వచ్చేసరికి ఈ లెక్క ఎవరికీ గుర్తుండదు. జూన్‌లో బడి తెరుస్తారు. జూలైలో నిధులు వచ్చాయంటారు. ఆగస్టులో గోడ పగలగొడతారు. అంతలో వానలు ముంచుకొస్తాయి. ఒక గదిలో రెండు తరగతులు, వరండాలో ఒకటి, చెట్టు కింద ఒకటి సర్దుకుంటాయి. ఆవరణలో కంకర గుట్ట, ఇసుక గుట్ట, పక్కనే నీళ్లు నిలిచిన పునాది గొయ్యి. ఒక పక్క డ్రిల్లింగు మిషను మోత, మరో పక్క ఎక్కాల పాఠం. ఇంత జరిగి ఆ గది ఆ ఏడాది పూర్తవుతుందా అంటే దానికీ హామీ లేదు. చదువు కూడా చేలో ఉన్న పైరు వంటిదే. దానికి కూడా అదను ఉంది. అదను తప్పితే ఆ నష్టం ఆ పిల్లవాడి జన్మకు తీరదు.

బడులు బాగుచేయడం వద్దని ఎవరూ అనరు. అనకూడదు కూడా. మన నేలలో బడి కట్టడాలకు రెండు శత్రువులున్నాయి. నల్లరేగడి మొదటిది. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చే నేల అది. పునాది లోతు చాలకపోతే గోడలు వాటంతట అవే చీలతాయి. రెండవది సముద్రపు ఉప్పుగాలి. మచిలీపట్నం, అవనిగడ్డ, నాగాయలంక ప్రాంతాల్లో స్లాబు లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది. పెచ్చులు ఊడతాయి. ఆ పెచ్చు బల్ల మీద పడితే శబ్దం, తల మీద పడితే ప్రాణం. 2025 జూలై 25న రాజస్థాన్‌లోని ఝలావార్ జిల్లా పిప్లోదీ గ్రామంలో ప్రభుత్వ పాఠశాల పైకప్పు కూలి ఏడుగురు పిల్లలు చనిపోయారు. మరమ్మతులు వాయిదా వేస్తూ పోతే వచ్చే ఫలితం అది. అందువల్ల మరమ్మతు చేయాలా వద్దా అన్నది ఇక్కడి ప్రశ్న కాదు. మరమ్మతు జరిగే రోజుల్లో పిల్లలు ఎక్కడ కూర్చోవాలి, ఎలా చదవాలి అన్నది ఎవరి బాధ్యత? ఈ ప్రశ్నకు ఇంతవరకు సరైన సమాధానం దొరకలేదు.

ఈ రాష్ట్రంలో ఇటీవల జరిగిన అతి పెద్ద బడి మరమ్మతుల కార్యక్రమం 'నాడు–నేడు'. 2019 నవంబర్ 14న ఒంగోలులో ప్రారంభమైంది. మొదటి విడతలో 15,715 పాఠశాలలు తీసుకున్నారు. మరుగుదొడ్లు, మంచినీరు, విద్యుత్తు, ఫ్యాన్లు, బల్లలు, రంగులు, ప్రహరీ గోడలు చేపట్టారు. టెండర్లు పిలిచి కాంట్రాక్టర్లకు అప్పగించే పద్ధతికి బదులు, తల్లిదండ్రుల కమిటీల చేతనే పనులు చేయించారు. తమ పిల్లల బడికి తామే సిమెంటు, ఇసుక లెక్క చూసుకున్నారు. ఈ పద్ధతి మెచ్చదగినదే. 2021 ఆగస్టు 16న మొదటి విడత పూర్తయినట్టు ప్రకటించి, తూర్పు గోదావరి జిల్లా పి. గన్నవరంలో రెండవ విడతకు శ్రీకారం చుట్టారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. మొదటి విడత పనులు జోరుగా సాగిన 2020 సంవత్సరంలో బడుల్లో పిల్లలు లేరు. కరోనా వల్ల 2020 మార్చిలో మూతపడిన బడులు ఆ ఏడు నవంబరు 2 నుంచి దశలవారీగా తెరుచుకున్నాయి. 2021 వేసవికి ముందే మళ్లీ మూతపడి ఆగస్టు 16న తెరుచుకున్నాయి. అంటే ఎవరూ కోరకుండానే మొదటి విడతకు దీర్ఘమైన క్లోజరు దొరికింది. పిల్లలు ఇళ్ల వద్ద ఉన్నారు, మేస్త్రీలు బడుల్లో ఉన్నారు. కష్టం చదువుకు వచ్చింది గాని, దానికి కారణం మరమ్మతు కాదు. రెండవ విడతకు ఆ వెసులుబాటు లేదు. పిల్లలు గదుల్లో ఉండగానే కొత్త గదులకు పునాదులు తీశారు. మొదటి విడత అనుభవం చూసి రెండవ విడత కూడా అలాగే సాగిపోతుందని అనుకుంటే, అసలు తేడా మరిచినట్టే.

దీనికి తోడు 2022 జూన్‌లో 117వ నంబరు జీవో వచ్చింది. ప్రాథమిక పాఠశాలల్లోని 3, 4, 5 తరగతులను సమీపంలోని ఉన్నత పాఠశాలల్లో కలిపారు. పిల్లలు ముందు వచ్చారు. వారికోసం తలపెట్టిన అదనపు గదులు చాలాచోట్ల ఇంకా గోడల దశలోనే ఉన్నాయి. కల్లం చేయకముందే కోత కోసినట్టయింది పరిస్థితి. అప్పుడు అనేక గ్రామాల్లో తల్లిదండ్రులు బడి ముందు కూర్చుని నిరసన తెలిపారు. ఆ విధానం మంచిదా కాదా అన్న వాదన వేరు. ఆ ఉత్తర్వు 2025లో రద్దయింది కూడా. అయితే గది సిద్ధం కాకుండా పిల్లలను తరలించడం ఏ విధానంలోనైనా తప్పే. 2024లో ప్రభుత్వం మారే నాటికి రెండవ విడత గదులు ఎన్నో చోట్ల సగంలో ఉన్నాయి. పిల్లర్లు లేచి ఆగినవి కొన్ని, స్లాబు పడి తలుపులు లేనివి కొన్ని. పథకాల పేర్లు మారుతాయి, ప్రభుత్వాలు మారుతాయి. ఆవరణలో పొడుచుకు వచ్చిన ఇనుప ఊచకు మాత్రం ఏ ప్రభుత్వమో తెలియదు. అది పిల్లవాడి కాలికే గుచ్చుకుంటుంది.

నష్టం ఎంత అన్నది లెక్క వేసి చూద్దాం. విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 220 పనిదినాలు, 1,000 గంటలు. అంటే పెద్ద తరగతులకు రోజుకు సుమారు నాలుగున్నర గంటల చదువు. మోత వల్లనో, గది మారడం వల్లనో రోజుకు ఒక్క గంట పోయిందనుకుందాం. పని మూడు నెలలు సాగి, అందులో 60 పనిదినాలు ఉంటే పోయింది 60 గంటలు. అంటే పదమూడు రోజుల చదువు. సెలవు ప్రకటించకుండానే, హాజరు పట్టీలో అందరూ ఉన్నట్టే రాసి ఉండగానే, పదమూడు రోజులు ఎగిరిపోయాయి. ఏ పరీక్షలోనూ ఆ రోజులకు మార్కులు కలపరు.

ఉపాధ్యాయుల సంగతి కూడా ఆలోచించాలి. అదే చట్టం 27వ సెక్షన్ ప్రకారం జనాభా లెక్కలు, విపత్తుల సహాయం, ఎన్నికల విధులు తప్ప మరే బోధనేతర పనికీ ఉపాధ్యాయులను వాడకూడదు. ఆచరణలో బడి పని మొదలైతే హెడ్మాస్టరు మేస్త్రీ అయిపోతాడు. ఉదయం ఇసుక లారీ, మధ్యాహ్నం బిల్లుల నమోదు, సాయంత్రం కూలీల లెక్క. లెక్కలు చెప్పవలసిన మనిషి లెక్కలు రాయవలసి వస్తున్నది. కమిటీ పెద్దరికం మంచిదే. కాని కొలతలు, బిల్లులు, నాణ్యత ఇంజనీరింగ్ సిబ్బంది భారం కావాలి. హెడ్మాస్టరు సంతకం అవసరమైతే వారానికి ఒక రోజు, బడి వదిలాక పెట్టించుకోవచ్చు. పాఠం మధ్యలో నుంచి మాస్టారిని సిమెంటు బస్తాల దగ్గరకు పిలవడం మానాలి.

"కాస్త కష్టం ఓర్చుకోకపోతే బడి బాగుపడేదెలా? ఇల్లు కట్టుకునేటప్పుడు మనం పాకలో తలదాచుకోలేదా?" అని పెద్దలు కొందరు అంటారు. నిజమే, తలదాచుకున్నాం. అయితే ఇల్లు విప్పే ఆసామి మొట్టమొదట పొయ్యి ఎక్కడ పెట్టాలో చూసుకుంటాడు. ధాన్యం ఎక్కడ దాచాలో, గొడ్డు ఎక్కడ కట్టాలో, ముసలివాళ్లు ఎక్కడ పడుకోవాలో నిర్ణయించుకుని ఆ తరువాతనే పెంకు దించుతాడు. చేతిలో డబ్బు ఉందో లేదో చూసుకుంటాడు. వానలకు ముందు పైకప్పు పడేలా మేస్త్రీతో మాట తీసుకుంటాడు. ఊళ్లోని సామాన్య గృహస్థు చూపే ఈ పాటి ముందుచూపు ప్రభుత్వ శాఖలు ఎందుకు చూపలేవు? ప్రజలు అడిగేది ఇంతకన్న ఎక్కువేమీ కాదు.

ఇంతకూ బడికి క్లోజరు ఎప్పుడు? దాని జవాబు క్యాలెండరులోనే ఉంది. మన రాష్ట్రంలో బడులకు వేసవి సెలవులు సాధారణంగా ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు. లెక్కపెడితే 49 రోజులు. ఇటుక పని పూర్తయిన గదికి స్లాబు పోయడానికి ఈ రోజులు చాలు. స్లాబు పోశాక నీళ్లు కట్టి తడిగా ఉంచవలసిన రోజులు ఏడు నుంచి పది. కింది ఊతకర్రలు గది పొడవును బట్టి ఏడు నుంచి ఇరవై ఒక్క రోజుల దాకా తీయకూడదు. కాంక్రీటుకు లెక్క ప్రకారం పూర్తి బలం రావడానికి 28 రోజులు. మే మొదటి వారంలో స్లాబు పడితే బడి తెరిచే వేళకు ఆ గది గట్టిపడుతుంది. మే చివర పడితే పిల్లలు వచ్చేసరికి కింద సెంట్రింగు ఉంటుంది. కనుక సిమెంటు, ఇనుము, ఇసుక మార్చి నెలలోనే ఆవరణకు ఒక మూలన చేరాలి. అంచనాలు, మంజూరు, మొదటి వాయిదా సొమ్ము ఫిబ్రవరికి పూర్తి కావాలి. సెలవుల మొదటి రోజున గడ్డపార పడాలి. సెలవుల్లో టెండరు, బడి తెరిచాక పని అనే వరస తలకిందులు కావాలి.

కొత్త గది పునాది నుంచి మొదలుపెట్టి 49 రోజుల్లో పూర్తి కాదన్నది నిజమే. అందుకే పనిని రెండుగా విడదీయాలి. పగలగొట్టడం, పునాది తవ్వడం, స్లాబు పోయడం, కరెంటు తీగలు మార్చడం వంటి ప్రమాదకరమైన పనులు వేసవికే పరిమితం కావాలి. తలుపులు, కిటికీలు, గచ్చు, సున్నాలు, రంగులు దసరా, సంక్రాంతి సెలవుల్లోను, ఆదివారాల్లోను, బడి వదిలాకను చేసుకోవచ్చు. ఒక వేసవిలో మొదలైన గది మరుసటి వేసవికి పూర్తయినా తప్పులేదు. మధ్యలో పిల్లలకు దారి అడ్డం రాకూడదు, ఊచలు పొడుచుకురాకూడదు, గోతులు తెరిచి ఉండకూడదు. పైకప్పు పడిపోయే ప్రమాదం ఉన్న గదిని మాత్రం వేసవి దాకా ఆగకుండా ఆ రోజే ఖాళీ చేయించి తాళం వేయాలి. ఖాళీ చేయించడం వేరు, పగలగొట్టడం వేరు. మొదటిది వెంటనే, రెండవది అదను చూసి.

మన తీరానికి సంబంధించి మరొక ముఖ్యమైన కారణం కూడా ఉంది. 1977 నవంబర్ 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనను ఈ జిల్లా మరువలేదు. ఆనాటి నుంచి తీర గ్రామాల్లో పక్కా బడి అంటే తుపాను వేళ ఊరికి తలదాచుకునే చోటు కూడా. 2023 డిసెంబరులో మిచౌంగ్, 2025 అక్టోబరు చివర మొంథా తుపాన్లు ఈ సంగతిని మళ్లీ గుర్తు చేశాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గాలివాన ఎప్పుడు వస్తుందో తెలియదు. ఆ నెలల్లో బడి కప్పు విప్పి ఉంచితే పిల్లలకు చదువూ లేదు, ఊరికి నీడా లేదు. తీర మండలాల్లో ఏ బడి పనీ అక్టోబరు నాటికి కప్పు లేకుండా ఉండకూడదని జిల్లా యంత్రాంగం ఖచ్చితమైన నియమం పెట్టాలి.

తాత్కాలిక వసతి అనగానే తాటాకు పందిరి వేద్దామనే ఆలోచన వస్తుంది. ఇది చాలా ప్రమాదం. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక పాఠశాలలో వంటపొయ్యి నిప్పు గడ్డి కప్పుకు అంటుకుని 94 మంది పసిపిల్లలు బలయ్యారు. ఆ ఘోరం తరువాత సాగిన వ్యాజ్యంలో 2009లో సుప్రీంకోర్టు, చదువుకునే హక్కులో భద్రమైన బడి కూడా భాగమేనని స్పష్టం చేసింది. కనుక తాటాకు, గడ్డి పాకల్లో తరగతులు వద్దు. వంట చేసే చోటు పక్కన అసలే వద్దు. ఊళ్లో పంచాయతీ భవనం ఉంది, కమ్యూనిటీ హాలు ఉంది, తుపాను షెల్టరు ఉంది, రామాలయం మండపం, చర్చి హాలు, మసీదు వసారా ఉన్నాయి. ఏ చోటు ఎంచుకున్నా చూడవలసినవి నాలుగు: గాలి వెలుతురు, తాగే నీరు, ఆడపిల్లలకు మరుగు, పెద్ద రోడ్డు గాని కాల్వ గాని దాటకుండా చేరే దారి. ఈ నాలుగింటిలో ఏది లేకపోయినా ఆ చోటు పనికిరాదు. పక్క ఊరి బడిలో పూట బడి పెట్టవలసి వస్తే, చిన్నపిల్లలను అక్కడే ఉంచి, పెద్ద తరగతుల వారిని పంపాలి. వారికి బస్సు ఏర్పాటు చేయాలి.

మరుగుదొడ్ల విషయం ప్రత్యేకించి చెప్పుకోవలసి ఉంది. కొత్తవి కడతామని పాతవి ముందుగా కూల్చివేస్తారు. కొత్తవి లేచేసరికి నెలలు గడుస్తాయి. మగపిల్లలు ఎలాగో సర్దుకుంటారు. ఎదిగిన ఆడపిల్ల సర్దుకోలేదు. ఉదయం నుంచి నీళ్లు తాగకుండా కూర్చుంటుంది. నెలలో కొన్ని రోజులు బడికే రాదు. ఆ తరువాత బడి మానిపించడానికి ఇంట్లో ఒక సాకు దొరుకుతుంది. ఇది తల్లులకు తెలిసినంతగా ఇంజనీర్లకు తెలియదు. అందువల్ల కమిటీల్లో తల్లుల మాటకు విలువ ఇవ్వాలి. కొత్త మరుగుదొడ్డిలో నీళ్లు పారేదాకా పాతదాని తలుపు తీయకూడదు. మంచినీటి కుళాయికి, వంటగదికి కూడా ఇదే సూత్రం.

ఈ సమస్య చిన్న బడులకే పరిమితం కాదు. మన పిల్లలు చేరే పెద్ద చదువుల ఆవరణలకూ ఇదే వర్తిస్తుంది. మచిలీపట్నం నోబుల్ కళాశాల 1843 నాటిది. విజయవాడ ఎస్సారార్ అండ్ సీవీఆర్ ప్రభుత్వ కళాశాల 1937 నాటిది. నంబూరు వద్ద నాగార్జున విశ్వవిద్యాలయం వచ్చి 1976 నుంచి చూస్తే అర్ధ శతాబ్దం. విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం 1986 నాటిది. వయసు మీరిన భవనాలకు మరమ్మతులు తప్పవు. వీటిలో చదివేవారిలో పల్లె పిల్లలు చాలామంది ఉన్నారు. ఆవరణలో పని పెడితే బడికి, విశ్వవిద్యాలయానికి ఒక తేడా ఉంటుంది. బడి పిల్లవాడు సాయంత్రం ఇంటికి పోతాడు. హాస్టలు విద్యార్థికి అదే ఇల్లు. పగలు తరగతిలో మోత, రాత్రి హాస్టలులో నీళ్లు లేకపోవడం రెండూ అతనికే. ప్రయోగశాలకు తాళం పడితే సైన్సు విద్యార్థి ప్రయోగం చేయకుండానే పరీక్షకు పోతాడు. గ్రంథాలయం మూస్తే, పుస్తకం కొనలేని పేద విద్యార్థికి చదువే మూతపడుతుంది. డబ్బున్నవాడు బయట గది తీసుకుంటాడు, పుస్తకం కొనుక్కుంటాడు. పల్లె నుంచి వచ్చినవాడు ఏం చేయగలడు?

కనుక విశ్వవిద్యాలయాల్లో ఒకేసారి అన్ని భవనాలూ విప్పకుండా ఒక్కొక్క విభాగం చొప్పున చేయాలి. ఒక భాగం పూర్తయి విద్యార్థులు అందులోకి వెళ్లాకనే రెండవ భాగం ముట్టుకోవాలి. సెమిస్టరు పరీక్షలకు ముందు వారం నుంచి పరీక్షలు ముగిసే దాకా ఆ చుట్టుపక్కల డ్రిల్లింగు, పగలగొట్టుడు నిలిపివేయాలి. ఈ షరతులు కాంట్రాక్టు పత్రంలోనే రాయాలి. పని మధ్యలో రిజిస్ట్రారు బతిమాలితే ఆగే కాంట్రాక్టరు ఉండడు. సంతకం చేసిన షరతుకైతే కట్టుబడి తీరాలి.

ఇది జరగని పని కాదని మన చరిత్రే చెబుతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టింది మన బెజవాడలోనే. 1930లో వాల్తేరుకు వెళ్లింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1942లో, విశాఖపట్నం మీద బాంబులు పడ్డాక గుంటూరుకు తరలి వచ్చి చదువు సాగించింది. యుద్ధమే వచ్చిపడినా చదువును మరోచోటికి చేర్చి నడిపించగలిగినవాళ్లం, ఒక గోడ కట్టడానికి నడుస్తున్న తరగతిని చెట్టు కిందికి తోలితే నవ్వరా?

సంపన్న దేశాలకు కూడా ఈ తలనొప్పి తప్పలేదు. ఇంగ్లండులో పాత బడుల పైకప్పులకు వాడిన ఒక రకం తేలిక కాంక్రీటు హఠాత్తుగా కూలే ప్రమాదం ఉందని తేలింది. 2023 ఆగస్టు 31న, బడులు తెరవడానికి కొద్ది రోజుల ముందు, వందకు పైగా పాఠశాలలను ఆ భవనాలు వాడవద్దని అక్కడి ప్రభుత్వం ఆదేశించింది. తల్లిదండ్రులు మండిపడ్డారు. పక్క బడుల్లో తరగతులు, ఆవరణల్లో తాత్కాలిక గదులు ఏర్పాటు చేయవలసి వచ్చింది. అక్కడ వచ్చిన విమర్శ కూడా ఇదే. ప్రమాదం ముందే తెలిసి ఉండగా సెలవులన్నీ గడిచిపోయాక చెబుతారా అని. అంటే డబ్బు ఉన్నంత మాత్రాన సరిపోదు. ముందుగా చెప్పడం, ముందుగా చోటు చూపడం కావాలి.

ఇప్పుడు జిల్లా అధికారులు చేయవలసినవి ఏమిటి? పని మంజూరు పత్రంతో పాటే మరొక కాగితం ఉండాలి. ఏ తరగతి, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎక్కడ కూర్చుంటుందో అందులో రాయాలి. ఆ కాగితం లేనిదే గోడ మీద సుత్తి పడకూడదు. దానిని బడి గోడ మీద, పంచాయతీ నోటీసు బోర్డు మీద అతికించాలి. పని ఆగితే ఎవరిని అడగాలో ఆ అధికారి హోదా, ఫోను నంబరు కింద రాయాలి. పని జరిగే చోటికి, పిల్లలు తిరిగే చోటికి మధ్య రేకులతో గట్టి అడ్డు కట్టాలి. లారీలు బడి గంట కొట్టే వేళ, వదిలే వేళ లోపలికి రాకూడదు. గోతుల చుట్టూ అడ్డు, కరెంటు తీగలకు కాపలా ఉండాలి. పదవ తరగతిని పనికి అన్నిటికన్న దూరంగా ఉన్న గదిలో ఉంచాలి. గోడలు పగలగొట్టే మోత బడి పెట్టకముందు, వదిలాకనే సాగాలి.

అన్నిటికన్న ముఖ్యం సొమ్ము. పూర్తి చేయడానికి సరిపడా నిధులు ఖాతాలో లేకుండా పది బడుల్లో పునాదులు తీయడం కన్న, నిధులున్నంత మేరకు మూడు బడులు పూర్తి చేయడం మేలు. సగం కట్టిన గది ఎవరికీ ఉపయోగపడదు. వానకు తడిసి ఊచలు తుప్పు పడతాయి, మళ్లీ కొత్త అంచనా వేయాలి. పునాదిరాళ్ల సంఖ్య చూసి గర్వపడే అలవాటు ఏ పార్టీ పాలకులకూ మంచిది కాదు. ఏడాది చివర లెక్క చెప్పేటప్పుడు ఎన్ని పనులు ప్రారంభించామన్నది కాకుండా, ఎన్ని గదుల్లో పిల్లలు కూర్చున్నారన్నది చెప్పాలి. ఒక ప్రభుత్వం మొదలుపెట్టిన గదిని తరువాతి ప్రభుత్వం అలాగే వదిలేయడం కూడా క్షమించరానిది. ఆ గదిలో పెట్టింది ప్రజల సొమ్ము, కూర్చోవలసింది ప్రజల బిడ్డలు.

ఊరివారికి కూడా బాధ్యత ఉంది. కాల్వ క్లోజరు ఎప్పుడని ఫిబ్రవరి నుంచే వాకబు చేసే రైతు, తన కొడుకు బడిలో గోడ ఎందుకు పగిలిందో సెప్టెంబరు దాకా అడగడు. ఆ ఉదాసీనత పోవాలి. ప్రతి ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో బడి కమిటీ ఒక సమావేశం జరపాలి. తల్లిదండ్రులు బడికి వెళ్లి గదులు తిరిగి చూడాలి. ఏ గదికి ఏం కావాలో, వేసవిలో ఏ పని జరగబోతున్నదో, సొమ్ము వచ్చిందో లేదో హెడ్మాస్టరును, ఇంజనీరును అడగాలి. చోటు అవసరమైతే మండపమో, హాలో ఇచ్చి సహకరించాలి. సెలవుల్లో సామాను కాపలాకు ఊరి యువకులు ముందుకు రావచ్చు. ఇవేవీ చేయకుండా, ఆవరణలో ఇసుక గుట్ట కనిపించగానే పిల్లవాడిని ప్రైవేటు బడికి మార్చడం కొందరికి సులువు కావచ్చు. ఫీజు కట్టలేని కూలివాడి బిడ్డ ఆ ఇసుక గుట్ట పక్కనే మిగిలిపోతాడు.

సర్కారు బడి పేదవాడి ఆస్తి. దానికి రంగులు వేయడం, బల్లలు ఇవ్వడం, కప్పు మార్చడం ప్రభుత్వం చేసే దానం కాదు, ప్రజలకు చెల్లించవలసిన బాకీ. ఆ బాకీ తీర్చే పేరుతో పిల్లవాడి ఏడాదిని తీసుకోవడం న్యాయం కాదు. చేలో పైరును కాపాడుకోవడానికి తరతరాలుగా పాటిస్తున్న పద్ధతి ఈ డెల్టాలో మన కళ్ల ముందే ఉంది. ఆ పద్ధతినే బడి ఆవరణకు కూడా తీసుకుపోవాలని జిల్లా అధికారులను, ప్రజాప్రతినిధులను, గ్రామ పెద్దలను కోరుతున్నాము. వచ్చే వేసవికి ఏ బడిలో ఏ పని, ఆ పని ముగిసేదాకా ఏ తరగతి ఎక్కడ అన్న జాబితాను ఫిబ్రవరి నెలాఖరులోగా ప్రతి గ్రామంలో ప్రకటించాలి. మొదటి మెట్టు అదే.